నెల్లూరు తీరం, చలికాలపు లెక్క

శాసనసభ చలికాల సమావేశాలు అన్న మాట పేపర్లో కనపడగానే నెల్లూరు తీరం వాళ్ళకి కాస్త నవ్వొస్తుంది. హైదరాబాదులో శాలువాలు బయటికి తీసే నెలలవి. మైపాడులో, కోడూరులో ఆ నెలల్లో నెత్తిన వేసుకునేది గోనెసంచి. ఏడాది మొత్తం మీద ఇక్కడ కురిసే వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనంలోనే, అంటే అక్టోబరు నించి డిసెంబరు లోపలే పడుతుంది. రాష్ట్రంలో మిగతా జిల్లాలకి మృగశిర ఎంతో, నెల్లూరుకి స్వాతి, విశాఖ కార్తెలు అంత. ఒకప్పుడు మొలగొలుకులు వేసినా, ఇప్పుడు వేరే రకాలు వేస్తున్నా పెద్దపంట ఈ నీళ్ళతోనే మొదలవుతుంది. తుఫాన్లు వచ్చేదీ ఈ నెలల్లోనే. పేరుకి చలికాలం, పనికి వానాకాలం.

ఎమ్మెల్యేలు ఈ కాలంలో జనానికి ఒక కబురు చెప్పుకుంటారు. కరపత్రంగా వేస్తారు, సభ పెట్టి చెప్తారు, పేపరువాళ్ళని పిలిచి చెప్తారు. ఏ రోడ్డుకి ఎంత మంజూరయింది, ఏ ఆసుపత్రికి డాక్టరు వచ్చాడు, ఏ చప్టా కొట్టుకుపోయింది, ఎవరికి పింఛను వచ్చింది, సంక్రాంతికి ఏం చేయబోతున్నాం. అన్ని దేశాల్లోనూ శాసనసభ్యులు ఇలాంటివి పంపుతుంటారు. చాలాచోట్ల అదొక మర్యాదపూర్వకమైన ఉత్తరం, చదివి పక్కన పెట్టేస్తారు. ఈ తీరంలో మాత్రం ఆ కబురు నీళ్ళు పొలంలో నిలబడి ఉన్నప్పుడో, వల ఒడ్డున ఎండని వారంలోనో చేరుతుంది. వినేవాడు చెప్పిన మాటని అప్పటికప్పుడే కొలుచుకోగలడు. కాలవ పూడిక తీశామంటే, తీశారో లేదో తన గడప దగ్గరే తెలుస్తుంది.

ఈ లెక్క చెప్పడానికి చట్టంలో ఏ ఏర్పాటూ లేదు. రాజ్యాంగం 174వ అధికరణం ప్రకారం సభ రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదు, అంతే. ఏ నెలలో కూర్చోవాలో లేదు, కూర్చుని వచ్చాక ఊళ్ళో ఏం చెప్పాలో అంతకన్నా లేదు. అయినా నెల్లూరు జిల్లా తనకి తాను ఒక ఏర్పాటు చేసుకుంది. అది నీటిపారుదల సలహా మండలి సమావేశం, జిల్లాలో అందరూ ఐఏబీ అంటారు. పెద్దపంటకి ముందు కలెక్టరు, ఇంజనీర్లు, ఎమ్మెల్యేలు ఒక హాల్లో కూర్చుంటారు. సోమశిలలో ఎన్ని టీఎంసీలున్నాయి (పూర్తిగా నిండితే 78), కండలేరులో ఎన్ని (నిండితే 68), ఏ కాలవ కింద ఎన్ని ఎకరాలకి ఇవ్వగలం అని తేలుస్తారు. అక్కడ ఎమ్మెల్యే నోటినించి వచ్చే మాట శాసనసభలో చేసే ఉపన్యాసంకన్నా విలువైనది. చివరి ఆయకట్టు రైతు దాన్ని చూసే నారు పోసుకుంటాడు. చలికాలపు అసలు సభ నా దృష్టిలో ఇదే.

కానీ ఐఏబీ లెక్క అంతా ఎకరాల్లో ఉంటుంది. బకింగ్‌హామ్ కాలువ దాటి తూర్పుకి వెళితే ఆ లెక్క చెల్లదు. అక్కడ పట్టపోళ్ళ పల్లెలున్నాయి, ఉప్పు కయ్యలున్నాయి, యానాదుల గుడిసెలున్నాయి. ఎకరం లేనివాడికి ఐఏబీలో వాటా లేదు. తీరంలో ప్రజాప్రతినిధుల చరిత్ర అంటే కాలువకి పడమటివైపు వాళ్ళకి చెప్పిన లెక్క ఎంత, తూర్పువైపు వాళ్ళకి చెప్పింది ఎంత అని చూడటమే.

సభ మద్రాసులో ఉన్న రోజులతో మొదలుపెడదాం. నెల్లూరు నించి మద్రాసు నూట డెబ్భై, ఎనభై కిలోమీటర్లు. రైలు రాకముందు కూడా దారి ఉండేది, నీటిమీద. 1806 నాటికి మద్రాసు నించి ఎన్నూరు దాకా తవ్విన చిన్న కాలువ అంచెలంచెలుగా ఉత్తరానికి పెరుగుతూ వచ్చింది. 1876-78 కరువులో కూలి పని కల్పించే పేరుతో దాన్ని పొడిగించి కృష్ణ కాలువలతో కలిపారు. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు 1878లో దానికి వచ్చింది. పెదగంజాం నించి మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు. ఆకలితో ఉన్నవాళ్ళు తవ్విన కాలువకి ప్రభువు పేరు పెట్టడం ఆ కాలపు రివాజు, దానికి ఇప్పుడు ఆశ్చర్యపోనక్కర్లేదు. కాలువ మాత్రం పనిచేసింది. బియ్యం, ఉప్పు, సరుగుడు కట్టె పడవల్లో మద్రాసుకి వెళ్ళేవి. అటునించి సరుకుతోపాటు కబుర్లు వచ్చేవి.

ఇంకో సంగతి ఉంది. ఈశాన్య రుతుపవనం మద్రాసునీ నెల్లూరునీ ఒకేసారి తడుపుతుంది. నవంబరులో నెల్లూరు ప్రతినిధి లేచి మావైపు ముంపుగా ఉందని చెప్తే, వినే మంత్రి కూడా మోకాలి లోతు నీళ్ళు దాటుకుని వచ్చినవాడే. 1927 నవంబరులో నెల్లూరు మీద పెనుతుఫాను పడినప్పుడు, అదేమిటో మద్రాసు వాళ్ళకి వేరే వర్ణించి చెప్పవలసిన అవసరం రాలేదు.

1937లో రాజాజీ మంత్రివర్గంలో స్థానిక పాలన శాఖ బెజవాడ గోపాలరెడ్డి చేతికి వచ్చింది. బుచ్చిరెడ్డిపాళెం మనిషి, అప్పటికి ముప్ఫై ఏళ్ళు. సాహిత్యం వాళ్ళకి ఆయన శాంతినికేతనంలో చదువుకుని టాగోరుని తెలుగు చేసినవాడిగా తెలుసు. జిల్లా బోర్డు రోడ్లు, బళ్ళు, ధర్మాసుపత్రులు ఆ శాఖ కిందివే. ఇప్పుడు మనం ప్రజాసేవలు అంటున్న వాటిలో ముప్పాతిక వంతు ఆనాడు జిల్లా బోర్డు పనే. అయితే ఆ సభకి ఓటు వేసినవాళ్ళు ఎవరు? 1935 చట్టం ప్రకారం ఆస్తి ఉన్నవాళ్ళు, పన్ను కట్టేవాళ్ళు, చదువుకున్నవాళ్ళు. కాలువకి తూర్పున ఉన్న వాళ్ళలో ఆ అర్హత ఎంతమందికి ఉండి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఓటే లేనివాడికి లెక్క చెప్పేదెవరు?

ఈ ప్రశ్న దగ్గరే వెన్నెలకంటి రాఘవయ్య పేరు చెప్పుకోవాలి. 1897లో నెల్లూరు జిల్లాలో పుట్టిన వకీలు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకి వెళ్ళినవాళ్ళు జిల్లాలో చాలామంది ఉన్నారు. యానాదుల వెంట ఊరూరా తిరిగినవాళ్ళు అంతమంది లేరు. యానాదులు ఈ తీరానికి పాతకాపులు. శ్రీహరికోట దీవి 1835లో కంపెనీ చేతికి వచ్చేనాటికి అక్కడి అడవిలో ఉన్నది వాళ్ళే. బట్టలకి ఎర్రరంగు ఇచ్చే చాయవేరు, తేనె, అడవి సరుకులు సర్కారుకి ఏరి ఇచ్చేవాళ్ళు. మైదానంలోకి వచ్చినవాళ్ళు ఎలుకలు పట్టి, చేపలు పట్టి, రైతుల కళ్ళాలు కాపలా కాసి బతికేవాళ్ళు. కాపలా కాసేవాడి మీదే దొంగ అనే ముద్ర కూడా పడింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలోనూ అమలుచేశారు. ఆ జాబితాకెక్కిన మనిషి తన వేలిముద్ర ఇవ్వాలి, రాత్రిళ్ళు పిలిచినప్పుడు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ తీసుకోవాలి. ఎరుకలవాళ్ళ కోసం కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషను నడిపిన సెటిల్మెంటు కూడా ఈ చట్టం నీడలో వచ్చిందే.

నవంబరు వానలో ఈ హాజరు పద్ధతి ఎలా ఉండేదో ఒకసారి ఊహించుకోవాలి. వరద వస్తే గుడిసె వదిలి మెరకకి పోవాలి. మెరక పక్క ఊళ్ళో ఉంటుంది. పక్క ఊరికి చీటీ లేకుండా పోతే నేరం. ప్రకృతి లేచి పొమ్మంటుంది, చట్టం కదలొద్దంటుంది.

1946లో రాఘవయ్య మద్రాసు శాసనసభకి ఎన్నికయ్యాడు. ప్రకాశం ప్రధానిగా ఉన్న మంత్రివర్గంలో పార్లమెంటరీ కార్యదర్శిగా పనిచేశాడు. ఆ మంత్రివర్గం ఏడాది కూడా నిలవలేదు. కానీ నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో రద్దయింది. దేశమంతటా రద్దవడానికి 1952 ఆగస్టు 31 దాకా పట్టింది. ఆ అయిదేళ్ళ తేడా చిన్నదేం కాదు. ఇదంతా ఒక్క మనిషి చలవే అనడం అతిశయోక్తి అవుతుంది. చట్టాన్ని వ్యతిరేకించినవాళ్ళు చాలామంది ఉన్నారు. అయినా తనకి ఓటు వేయలేని జనం గోడుని చట్టసభ లోపలిదాకా మోసుకెళ్ళినవాడిగా ఆయనకి ప్రత్యేకమైన చోటు ఉంది. సభ నించి వచ్చాక కూడా ఆ పని వదల్లేదు. ఆదిమజాతి సేవక సంఘం పని చూశాడు, యానాదుల మీద, సంచారజాతుల మీద, గిరిజన తిరుగుబాట్ల మీద ఇంగ్లీషులో పుస్తకాలు రాశాడు. 1973లో పద్మభూషణ్ ఇచ్చారు. ఆ పుస్తకాలు ఇప్పుడు తెలుగులో ఎవరైనా వేస్తే బావుండును.

1952లో ఆ తీరం ప్రజలందరూ మొదటిసారి ఓటు వేశారు. ఆ ఏడాదే చలికాలంలో, అక్టోబరు 19 నించి డిసెంబరు 15 దాకా, పొట్టి శ్రీరాములు మద్రాసులో నిరాహారదీక్ష చేసి ప్రాణం వదిలాడు. ఈ జిల్లాకి 2008లో ఆయన పేరు పెట్టారు. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న వచ్చింది, సభ కర్నూలుకి వెళ్ళింది. 1955 మార్చిలో గోపాలరెడ్డే ముఖ్యమంత్రి అయ్యాడు. 1956 నవంబరు 1 తర్వాత సభ హైదరాబాదు చేరింది. సొంత రాష్ట్రం వచ్చిందన్న సంతోషంలో నెల్లూరు తీరం గమనించని నష్టం ఒకటుంది. సభ తన వాన పడే చోటు నించి తన వాన పడని చోటికి మారిపోయింది. మద్రాసుకి పూట ప్రయాణం, హైదరాబాదుకి రాత్రంతా. అంతకన్నా ముఖ్యం, నవంబరులో హైదరాబాదు ఆకాశం నీలంగా ఉంటుంది. మా ఊళ్ళో పైరు మునిగిందని చెప్పే సభ్యుడు అక్కడ వేరే దేశం కథ చెప్తున్నట్టే ఉంటుంది. ఈ మాట నేను విశాలాంధ్రకి వ్యతిరేకంగా అనడం లేదు. దూరం అంటే కిలోమీటర్లు మాత్రమే కాదు, వాతావరణం కూడా అని చెప్పడానికి అంటున్నాను.

ఆ సభలో నీళ్ళ లెక్క కంఠతా చెప్పగల నెల్లూరు మనిషి ఒకాయన ఉండేవాడు, కానీ నెల్లూరు నించి కాదు. పుచ్చలపల్లి సుందరయ్యది విడవలూరు దగ్గర అలగానిపాడు, తీరానికి దగ్గరి ఊరు. ఇరవై ఏళ్ళ వయసులోనే అక్కడ వ్యవసాయ కూలీలని కూడగట్టినవాడు. 1952లో రాజ్యసభలో కమ్యూనిస్టుల నాయకుడు, సైకిలెక్కి పార్లమెంటుకి వెళ్ళేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత 1955 నించి 1967 దాకా, మళ్ళీ 1978 నించి 1983 దాకా కృష్ణా జిల్లా గన్నవరం నించి శాసనసభ్యుడు. ప్రాజెక్టులు, ఆయకట్టు, నదుల నీటి వాటాలు ఆయన అంకెలతో మాట్లాడే విషయాలు. సొంత తీరం ఆయన్ని శాసనసభకి పంపలేదు. పంపి ఉంటే ఏమయ్యేదన్నది చరిత్ర రాసేవాళ్ళు వేసుకోకూడని ప్రశ్న. కానీ నెల్లూరు వాళ్ళు టీకొట్టు దగ్గర వేసుకుంటూనే ఉంటారు.

తుఫానుల సంగతికి వద్దాం. 1965-66లో, 1976లో వచ్చిన తుఫాన్లు బకింగ్‌హామ్ కాలువని దెబ్బతీశాయి. పడవలు తగ్గి, లారీలు పెరిగి, కాలువ పూడింది. 1984 నవంబరు 14న తుఫాను సరిగ్గా శ్రీహరికోట దగ్గరే తీరం దాటింది. యానాదులని లేవదీసి రాకెట్ కేంద్రం కట్టిన దీవి అది. 1971 అక్టోబరు నించి అక్కడ రాకెట్లు ఎగురుతున్నాయి.

1989ది ఇంకో రకం కథ. థాయిలాండ్ సింధుశాఖలో పుట్టిన గే తుఫాను, నవంబరు 3న అక్కడ ఒక చమురు తవ్వకం నౌకని ముంచి 91 మందిని చంపి, భూమిని దాటి బంగాళాఖాతంలోకి దిగింది. అయిదు రోజులు నడిచి నవంబరు 8, 9 తేదీల మధ్య కావలి దగ్గర ఒడ్డెక్కింది. అప్పటికి రాష్ట్రమంతా ఎన్నికల్లో ఉంది, లోక్‌సభకీ శాసనసభకీ కలిపి. అంటే తుఫానుకీ పోలింగుకీ మధ్య రెండు వారాలు. అభ్యర్థులు ఓట్లు అడగడానికి వెళ్ళిన ఊళ్ళలో పైకప్పులు లేవు. సాయం పంచేది అధికారంలో ఉన్నవాళ్ళ చెయ్యి, పంచలేదని చెప్పేది లేనివాళ్ళ నోరు. అయిదేళ్ళ కబురు వినవలసిన జనం అయిదు రోజుల కబురు విన్నారు: బియ్యం ఎప్పుడొచ్చింది, కరెంటు ఎప్పుడొచ్చింది, ఎవరొచ్చి చూశారు. రామారావు ప్రభుత్వం ఓడిపోయింది. దానికి రాష్ట్రవ్యాప్తమైన కారణాలు వేరే ఉన్నాయి, కావలి గాలివాన వల్ల ఓడిందనడం హాస్యాస్పదం. కానీ తీరంలో ఒక సంగతి స్థిరపడింది. అప్పటినించీ ఇక్కడి ఎమ్మెల్యే పనిని చలికాలంలో కొలవడం మొదలైంది. తుఫాను హెచ్చరిక రాగానే, కృష్ణపట్నం రేవులో మూడో నంబరు జెండా ఎగరగానే, ఎమ్మెల్యే ఊళ్ళో ఉండాలి. సభ నడుస్తున్నా సరే.

1990 మే తుఫాను తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో తీరం పొడుగునా పునర్నిర్మాణం పనులు జరిగాయి. ఆ ఏడాది డిసెంబరు 17న వాకాడు మనిషి నేదురుమల్లి జనార్దనరెడ్డి ముఖ్యమంత్రి అయ్యాడు. తీరంలో పుట్టినవాడు ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చోవడం అరుదు. ఆయన ఉన్నది రెండేళ్ళ లోపే. ఆ రెండేళ్ళలో జిల్లా లోపలి పల్లెల్లో ఆడవాళ్ళు సారా మీద లేచారు, దూబగుంట పేరు దేశమంతా తెలిసింది. 1993 ఏప్రిల్లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతటా సారా ఆగింది. అప్పటికి ముఖ్యమంత్రి మారాడు. చట్టసభకి కబురు పైనించి కిందికి రావడమే తెలుసు. ఈసారి కింది నించి పైకి వెళ్ళింది.

కింది నించి వెళ్ళే కబురుకి పట్టపోళ్ళ పల్లెల్లో వేరే పద్ధతి ఉంది. అక్కడ కాపులని పిలిచే కులపెద్దలు కూర్చుని తీర్మానం చేస్తే దాన్ని దురాయి అంటారు. వేటకి వెళ్ళొద్దంటే ఒక్క పడవ కదలదు. ఎవరికి ఓటు వేయాలన్నదీ అలాగే తేలిన సందర్భాలు తీరంలో అందరికీ తెలిసినవే. మన ప్రజాస్వామ్య లెక్కలో ఇది తప్పే కావచ్చు. కానీ ఎమ్మెల్యే వచ్చి ఏం చేశావో చెప్పవలసింది ఆ రచ్చబండ దగ్గరే, అందరూ వింటుండగా. కరపత్రం పంచి కారెక్కితే అక్కడ చెల్లదు. లెక్క చెప్పించుకోవడం ఆ పల్లెలకి మనకన్నా బాగా తెలుసేమోనని నాకు అనుమానం.

2004 డిసెంబరు 26, అదీ చలికాలమే. సునామీ అలలు వచ్చినప్పుడు ఈ తీరంలో బకింగ్‌హామ్ కాలువ నిండింది. సముద్రం నీళ్ళు కాలువలో పడి, కాసేపటికి వెనక్కి తీశాయి. అవతలి ఊళ్ళని కాలువ కాపాడిందని తర్వాత శాస్త్రజ్ఞులు రాశారు. కరువులో తవ్విన, పూడిపోయిన, అందరూ వదిలేసిన కాలువ. 2008 నవంబరులో దాన్ని నాలుగో జాతీయ జలమార్గంలో భాగంగా ప్రకటించారు.

ఇంకో చలికాలం, 2021. ఆ నవంబరు 18న వెలగపూడిలో శాసనసభ మొదలైంది. 19న తెల్లవారుజామున కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. అదే రోజు సభలో ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబు, ముఖ్యమంత్రిగా తప్ప మళ్ళీ ఈ సభలో అడుగుపెట్టనని చెప్పి వెళ్ళిపోయారు. టీవీలన్నీ అటు తిరిగాయి. చెయ్యేటి నీళ్ళు పెన్నలో కలిసి, సోమశిల దాటి, కిందికి వస్తున్నాయి. 20, 21 తేదీల్లో నెల్లూరు దగ్గర పెన్న పొంగింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, జాతీయ రహదారి కోసుకుపోయింది. మద్రాసుకీ విజయవాడకీ మధ్య రాకపోకలు తెగాయి. 22న సభ మూడు రాజధానుల చట్టాన్ని వెనక్కి తీసుకునే బిల్లు ఆమోదించింది. వరదల మీద కూడా సభలో మాట్లాడారు, కాదనను. కానీ ఆ వారం కోవూరు, ఇందుకూరుపేట మండలాల్లో నీళ్ళలో ఉన్నవాళ్ళకి రాజధాని ఎక్కడ అన్నది ఎంత దూరపు ప్రశ్నో చెప్పనక్కర్లేదు.

మరుసటి ఏడాది సెప్టెంబరు 6న సంగం, నెల్లూరు బ్యారేజీలు రెండూ ఒకేరోజు ప్రారంభమయ్యాయి. పంతొమ్మిదో శతాబ్దపు ఆనకట్టలకి బదులుగా వచ్చినవి. ఐఏబీ లెక్కకి అవి పెద్ద బలం. అంతకుముందే ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్ళూరుపేట, పులికాట్, శ్రీహరికోట తిరుపతి జిల్లాకి వెళ్ళాయి. నేలపట్టు కొంగల పండగ కబురు ఇప్పుడు అక్కడి ఎమ్మెల్యే చెప్పవలసింది. ఉత్తరాన రామాయపట్నం రేవు నెల్లూరులోకి వచ్చింది. దుగరాజపట్నంలో పెద్ద రేవు కడతామని, మొదటి దశ 2018 చివరికి పూర్తిచేస్తామని 2014 విభజన చట్టంలోనే రాశారు. ఆ ఏడాది చాలా చలికాలాల కింద దాటిపోయింది, రేవు లేదు.

బకింగ్‌హామ్ కాలువ మాత్రం రెండు జిల్లాల్లోనూ ఉంది. జలమార్గం కాబట్టి కేంద్రానిది, ముంపు తెస్తే రాష్ట్రానిది, తూటికాడ పెరిగితే ఎవరిదీ కాదు. చలికాలంలో ఏ తీరపు ఊరికి ఏ ఎమ్మెల్యే వెళ్ళినా మొదటి ప్రశ్న దాని గురించే: "ఏందన్నా, మా కాలవ పూడిక సంగతి?"